కింద మూయని ఎర్ర సున్నా

చనిపోయిన మనిషి మీద మీరెప్పుడైనా అసూయపడ్డారా? తొందరపడి లేదనకండి. నేను పడ్డాను. ఇది రాస్తున్నప్పుడు కూడా పడుతున్నాను. అది ముందే ఒప్పుకోకపోతే నాకు జరిగింది చెప్పడం కుదరదు.

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా నాన్న నన్ను చిన్నప్పటి నుంచీ హేతువాద సభలకు వెంటబెట్టుకుని తిరిగాడు. మా జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌ పేటలో ఒకరింట్లో గిన్నెలు వాటంతటవే మోగుతున్నాయంటే వెళ్లి, అటక మీది ఎలుకల గూడు చూపించి వచ్చినవాణ్ణి. భూతమనే మాట నా నోట వచ్చేది భూతద్దం కావాలన్నప్పుడే.

గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో ఇరవై ఆరేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. నేను గీసిన ప్రతి షీటునూ సరిచూసే చెకర్ కామేశ్వరక్క. చుట్టం కాదు. ఇద్దరివీ సోంపేట వైపు కుటుంబాలు కావడం వల్ల కలిసిన వరస అది. తప్పు కనిపిస్తే ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టేది. ఆ సున్నాను పూర్తిగా మూసేది కాదు. కింద కాస్త ఖాళీ వదిలేది.

"తప్పు బయటికి పోడానికి గుమ్మం ఉండొద్దేటి తమ్ముడూ" అనేది. ఆఫీసంతా నవ్వేది, నేను తప్ప.

యంత్రాల బొమ్మల్లో వెలుతురు ఎడమవైపు పైనుంచి పడుతున్నట్టు భావించి నీడ వేయాలని మాకు నేర్పారు. నా చేతికి అది అంటుకుపోయింది. సెలవు రోజున చెట్టు గీసినా, మేకను గీసినా నీడ కుడివైపే పడేది.

"నీ సూర్యుడికి ట్రాన్స్‌ఫర్ లేదేటి? నువ్వెక్కడ తప్పు చేత్తావో కాయితం చూడకముందే చెప్పీగలను" అనేది అక్క.

ఆమెకు ఆ జబ్బు లేదు. ప్రతి వసంతంలోనూ వారం సెలవు పెట్టి ఒంటరిగా బొమ్మలు గీయడానికి బయల్దేరేది. ముందు ఊళ్లోని గులాబీ తోట, తర్వాత ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు, ఆఖరున బారువ సముద్రం. తిరిగి రాగానే ఆమె బల్ల చుట్టూ జనం మూగేవారు. నేను వాళ్ల భుజాల మీదుగా చూసేవాణ్ణి. ఆమె గీసిన జీడితోటలో ఎండ వేడి తెలిసేది. నేను ఇంటికి వెళ్లి నా పుస్తకంలోంచి రెండు మూడు పేజీలు చింపేసేవాణ్ణి.

కిందటి వానాకాలంలో అక్క జ్వరంతో పోయింది. ఉగాది ప్రదర్శనలో గోడంతా ఆమె బొమ్మలకే ఇవ్వాలని మా తెలుగు సంఘం నిర్ణయించింది. నేను సభలో లేచి, మరణం ప్రతిభకు కొలమానం కాదని వాదించాను. వాదనలో లోపం లేదు. దాని అడుగున ఏముందో నాకొక్కడికే తెలుసు.

అధ్యక్షుడు విసుక్కున్నాడు. "అరే భాయ్, అయితే నువ్వూ గీసుకొచ్చీ. పక్కపక్కనే పెడదాం. గోడెవరిదో జనమే చెప్తారు."

సాక్చి బజారులో కొత్త స్కెచ్ బుక్ కొన్నాను. డ్రాఫ్ట్స్‌మన్ అలవాటు కొద్దీ ఇంట్లో బల్ల మీద పెట్టి, ప్రతి కాగితాన్నీ రెండు వైపులా చూసి, మూలన అంకె వేశాను. నలభై పేజీలు. ఒక్కదాని మీదా మరక లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. సంచీలో వేసుకున్నవి రెండు నల్ల పెన్సిళ్లు, ఒక రబ్బరు. ఎర్ర పెన్సిల్ మా ఇంట్లోనే లేదు. ఆ రంగంటే నాకు పడదు.

ముందు గులాబీ తోటలో నాలుగు బొమ్మలు వేశాను. తర్వాత టాటానగర్‌లో రైలెక్కి, మధ్యలో ఒకసారి మారి, సోంపేటలో దిగాను. జీడి పూత వాసనలో రెండు రోజులు గీశాను. మూడో రోజు పొద్దున్న ఎనిమిదింటికి బారువ ఒడ్డున ఉత్తరానికి తిరిగి కూర్చున్నాను. సముద్రమూ, దాని మీద పొద్దూ కుడివైపు ఉన్నాయి. ఇసుకలోకి లాగిన ఒక పడవను పదిహేడో పేజీలో గీశాను. గంట పట్టింది. గీత ఎక్కడా తడబడలేదు. ఈసారి అక్కను దాటేశాననుకున్నాను. ఆ సంతోషంలో మంచితనం రవ్వంత కూడా లేదు.

పుస్తకం మూసి, సంచీలో పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని టీ కొట్టుకు నడిచాను. అది వంద అడుగుల దూరం. సంచీ భుజం దిగలేదు.

"జంషెడ్‌పూరా బాబూ? మరి ఎర్ర పెన్సిలమ్మ ఈ యేడు రానేదేటి?" అని అడిగింది కొట్టామె.

అక్క పోయిందని చెప్పాలి. చెప్పలేదు. "ఆవిడ బొమ్మలు చూశారుగా, ఇది చూడండి" అని పుస్తకం తెరిచాను.

ఆమె తల పక్కకి వంచి చూసింది. "పడవ బాగుంది. పొద్దుటేల నీడ సముద్రంలోకి పడిపోనాదేటి? ఓహో, నీకూ తెలిసిపోనాదిలే. ఎర్రగా సుట్టీసినావు."

పడవ నీడ చుట్టూ ఎర్ర సున్నా ఉంది. కింద కాస్త తెరిచి ఉంది.

అప్పుడు చెప్పాను, ఆవిడ లేదని. ఆమె గ్లాసు కడగడం ఆపి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

నేను వెంటనే సంచీ తిరగేశాను. కొట్టులో వెతికాను. కూర్చున్న చోటికి వెళ్లి ఇసుక చూశాను. ఎరుపనేది ఎక్కడా లేదు. ఇంటికొచ్చి మా అమ్మాయికి చూపిస్తే, "పాపా, ఆప్‌నే హీ కియా హోగా" అంది, మీరే చేసుంటారని. అదే నిజం కావాలని నేనూ కోరుకున్నాను. అలవాటైన చెయ్యి తెలియకుండా ఏదైనా చేస్తుంది. కానీ దేనితో?

తర్వాత భూతద్దం తీశాను. అసలు తలనొప్పి అక్కడ మొదలైంది. ఎర్ర గీత, నల్ల గీత ఒకదాన్నొకటి దాటే ప్రతి చోటా నలుపు పైన ఉంది. ఎరుపు అడుగున ఉంది. అంటే నేను నీడ వేయకముందే సున్నా ఆ కాగితం మీద ఉండాలి. గంటసేపు కళ్ల ముందున్న తెల్ల కాగితం మీద.

దెయ్యమని నేను అనను. అనేవాళ్లతో ఇప్పటికీ వాదిస్తాను. కానీ వాదన అయ్యాక ఇంటికొచ్చి మళ్లీ భూతద్దం తీస్తాను. ఆ పేజీ చింపేయాలని రెండుసార్లు వేళ్లు పెట్టాను. చింపితే అసూయ గెలుస్తుంది, పైగా సాక్ష్యం పోతుంది.

గోడ అక్కకే ఇవ్వమని అధ్యక్షుడికి చెప్పాను. చివర ఒక్క మేకు మాత్రం నాకు అడిగాను. పదిహేడో పేజీ అక్కడ ఉంటుంది. పక్కన దారానికి కట్టిన భూతద్దం, కింద ఒక నోటు పుస్తకం.

ఉగాది నాడు రండి. ఆమె బొమ్మల ముందు మీరు ఎక్కువసేపు నిలబడతారని నాకు తెలుసు, నిలబడండి. తర్వాత నా దగ్గరికి రండి. దండం పెట్టకండి. భూతద్దం పట్టుకోండి. ఎరుపు పైనుందో కిందుందో మీ కళ్లతో చూసి, మీ పేరు పెట్టి రాసి వెళ్లండి.