దశాంశం గారి రెండో కాగితం

మా బావగారు మార్కులు వేయకుండా ఏ మనిషినీ వదిలిపెట్టేవారు కారు. ఆ మార్కులైనా పదికి ఏడనో ఎనిమిదనో గుండుగుత్తగా వేసేవారు కారు; ఏడు దశాంశం మూడు అనేవారు. అందుచేత ఆయనకు దశాంశం గారు అన్న పేరు స్థిరపడిపోయి, తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరుపట్టీలో మాత్రమే మిగిలింది.

ఆయన మా అక్కయ్య భర్త. జాతీయ రగ్బీ సంఘం కార్యాలయంలో గణాంకాల అధికారి. అదే గదిలో, రెండు బల్లల అవతల, సంఘం ఉత్తరాలకు సాఫు ప్రతులు రాయడం నా ఉద్యోగం. కనుక నేను విన్నవించబోయేది చాలామటుకు కళ్ళారా చూసినదే.

దేశం తరఫున జరిగిన ప్రతి మ్యాచ్‌నూ ఆయన మూడుసార్లు చూసేవారు. మొదటిసారి మన జట్టును, రెండోసారి ఎదుటి జట్టును, మూడోసారి బంతి చేతిలో లేనివాళ్ళను మాత్రమే. ఎవరు ఎన్ని ట్యాకిళ్ళు చేశారు, అంటే బంతితో పరుగెత్తేవాణ్ణి ఎన్నిసార్లు నడుము చుట్టి నేలకు దించారు, ఎన్ని తప్పారు, ఎన్ని పాసులిచ్చారు, ఎన్ని జారవిడిచారు అన్నదంతా గడులు గీసి నింపేవారు. సోమవారం ఉదయానికి మార్కుల పట్టిక నడవాలో గోడకెక్కేది.

ఆ అలవాటు కార్యాలయం గడప దగ్గర ఆగి ఉంటే బాగుండేది. ఒక మధ్యాహ్నం మా అక్కయ్య వడ్డిస్తూ, "కూరెలా ఉందండీ?" అని అడిగింది.

"ఆరు దశాంశం ఎనిమిది."

"మరి పొద్దుటిది?"

"ఏడు దశాంశం నాలుగు."

"ఓరి నాయనో! రెండూ ఒకటేనండీ. పొద్దుటిదే వేడిచేసి పెట్టాను."

బావగారు ముద్ద ఆపి, కొంత ఆలోచించి, "రెండో అర్ధభాగంలో అలసట. పెద్ద పెద్ద ఆటగాళ్ళలోనూ చూస్తుంటాం" అన్నారు.

క్షవరం చేయించుకుని లేచి, మంగలితో కూడా ఇదే వరస. "కత్తెర మూడువందల పది సార్లు ఆడింది. జుట్టు తెగింది నూట ఎనభై సార్లే."

"మిగతావి గాలికేనండీ," అన్నాడతను ఏమాత్రం తొణక్కుండా. "కత్తెర ఆగితే మీరు లేచిపోతారని భయం."

ఇక ఆటగాళ్ళ సంగతి. రెండు ట్రైలు సాధించి, అంటే బంతిని రెండుసార్లు ఎదుటివాళ్ళ గీత దాటించి, పత్రికలన్నిటా ఫొటో పడిన వీరుడొకడు సోమవారం నాడు ఆయన బల్ల మీద గుద్దాడు. "దేశమంతా నన్ను భుజాన మోస్తుంటే, నాకు ఐదు దశాంశం రెండా మాస్టారూ?"

"మూడుసార్లు పాస్ ఇవ్వవలసిన చోట మీరే పరుగెత్తారు. మీ పక్కవాడు ఖాళీగా నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. మూడోసారి ఊపడం మానేశాడు. అదీ రాశాను, చూసుకోండి."

వీరుడు చూసుకున్నాడు. తరువాతి మ్యాచ్‌లో పాసులిచ్చాడు.

జట్టు నుంచి ఎవరినైనా తొలగించినప్పుడు వారికి వెళ్ళే ఉత్తరం నా చేతి మీదుగా పోయేది. "తమ సేవలు ఇకపై అవసరం లేనందుకు చింతించుచున్నాము" అన్న పాత వాక్యాన్ని తీసివేసి, "మిక్కిలి విచారముతో తెలియజేయుచున్నాము" అని మార్చినవాణ్ణి నేనే. అటుపిమ్మట ఒక విశేషం గమనించాను. తొలగింపబడినవారు తిడుతూ రాయడం మానివేసి, కృతజ్ఞతలు రాయసాగారు. "మీ ఉత్తరం చదివాక మనసు కుదుటపడింది" అని ఒకరు. "ఫ్రేము కట్టించుకున్నాను" అని మరొకరు. ఇది నా శైలి మహిమ అనుకుని ఏడేళ్ళపాటు తల ఎత్తుకుని తిరిగాను.

ఇంతలో దూలం వంతు వచ్చింది. స్క్రమ్‌లో, అంటే రెండు జట్లూ భుజాలు ఆనించి తోసుకునే చోట, ముందువరసన నిలబడి ఎదుటివాళ్ళ బరువంతా మోసే మనిషికి ఆ పేరు సరిగ్గా సరిపోయింది. వయసు ముప్పై ఆరు. దేశం తరఫున ఆడినవి తొంభై తొమ్మిది మ్యాచ్‌లు. అతని స్థానానికి ముగ్గురిని తీసుకోవాలి. పట్టికలో అతను నాలుగోవాడు. మూడోవాడికీ అతనికీ తేడా సున్నా దశాంశం ఒకటి.

"వందోది దక్కకపోతే ఇక ఈ గేటు తొక్కను. ఆట మొహం చూడను," అని దూలం అందరితోనూ చెప్పేశాడు. జూనియర్ జట్టుకు శిక్షకుడిగా అతణ్ణే పెట్టుకోవాలని సంఘం ఆశ. అలిగి వెళ్ళిపోతే, స్క్రమ్ నేర్పగలవాడు దేశంలో మరొకడు లేడు.

కార్యదర్శిగారే స్వయంగా మా గదికి వచ్చారు. "ఒక్క ట్యాకిల్ కలపండి, దశాంశం గారూ. మీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్ము కాదు కనకనే కలపలేనండి. అది మూడోవాడిది."

"గుండె రాయా మీకు?"

"కొలవలేదండి."

తొలగింపు ఉత్తరం రాశాను. చివరి పేరాలో శిక్షకుడి పదవికి ఆహ్వానం కూడా చేర్చాను. అంకెల తనిఖీకై ప్రతి ఉత్తరమూ బావగారి బల్ల మీదికి వెళ్ళి, అక్కడే కవరు అంటించబడి టపాకు పోవడం ఆనవాయితీ. ఈ ఉత్తరం తొమ్మిది రోజులు పోలేదు. ఆయన సెలవు పెట్టి, దాన్ని ఇంటికి పట్టుకుపోయారు. నా ఉద్యోగ జీవితంలో ఏ ఉత్తరమూ మూడు రోజులకు మించి నిలవలేదు. అడుగుదామని ఇంటికి వెళ్ళాను.

"టీవీ ముందు నుంచి లేస్తేగా తమ్ముడూ!" అంది అక్కయ్య. "రోజుకు పదకొండు మ్యాచ్‌లు. అదీ ఆట చూడ్డం లేదు. ఎవడైనా పడితే చాలు, వెనక్కి తిప్పి మళ్ళీ పడేస్తున్నారు. ఆ పడ్డవాళ్ళ తల్లులు చూస్తే ఊరుకుంటారా?"

పదో రోజున ఉత్తరం టపాకు వెళ్ళింది. పన్నెండో రోజున దూలం వచ్చాడు. తలుపు తెరిచే ఉన్నా గదిలో వెలుతురు తగ్గింది. గుమాస్తాలందరూ ఒక్కసారిగా కాగితాల్లోకి తలలు దించారు. అతను తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, కవరు తీశాడు.

"ఈ మొదటి కాగితం మీరు రాసిందే కదండీ?"

"అవును. శైలి..."

"అది చదవలేదులెండి. ఈ రెండోది ఎవరు రాశారు?"

రెండో కాగితం ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది. బావగారి చీమతలకాయల్లాంటి అక్షరాలు. "తమరు ఆడిన తొంభై తొమ్మిది మ్యాచ్‌లలో, నేలపడినవారికి చెయ్యి అందించి లేపిన సందర్భాలు: మన జట్టువారిని 412, ఎదుటి జట్టువారిని 163. ఈ మ్యాచ్‌లు ఆడిన వారందరిలో ప్రథమ స్థానం. ద్వితీయ స్థానంలో ఉన్నవారు 208. గమనిక: పదకొండు సందర్భాలలో పడినవారిని పడగొట్టినది కూడా తమరే."

ఏడేళ్ళ కృతజ్ఞతల రహస్యం అప్పుడు బోధపడింది. "వానలో ఎడమ భుజం సంగతి ఎవరూ గమనించలేదనుకున్నాను" అని ఒక ఆటగాడు రాయగా, దాన్ని నేను వైద్య విభాగానికి పంపించాను. తొలగింపబడిన ప్రతివాడికీ అతను అందరికన్నా ముందున్న గడి ఏదో ఒకటి దొరికేవరకు బావగారు వెతికేవారన్నమాట.

నేను రెండు బల్లల అవతలికి చూపించాను.

దూలం వెళ్ళి ఆయన ఎదుట నిలబడ్డాడు. బావగారు కళ్ళజోడు సవరించుకుని, "మంచిది, మీరే వచ్చారు. ఒక్క అనుమానం," అన్నారు. "ముప్పై ఏడో మ్యాచ్, అరవై రెండో నిమిషం. ఎదుటి జట్టువాణ్ణి లేపడానికి చెయ్యి చాచారా? లేక జారిపోయి వాణ్ణి పట్టుకున్నారా?"

దూలం చెయ్యి ఒకసారి చాచి చూసుకున్నాడు. "జారానండీ."

"నూట అరవై రెండు." కాగితం పుచ్చుకుని, అంకె కొట్టివేసి, దిద్ది, పక్కన పొడి సంతకం చేశారు.

"ఇంత లెక్క పెట్టారే, ఆ ఒక్క ట్యాకిల్ కలిపి ఉంటే నాకు వంద పూర్తయ్యేది కదండీ?"

"అయ్యేది. కలిపి ఉంటే ఈ నూట అరవై రెండు మీరు నమ్మేవారా?"

దూలం కాగితం వంక చూశాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు; నా సిరాబుడ్డి ఒలకకుండా చేత్తో పట్టుకోవలసి వచ్చింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంచుకుని, "జూనియర్ల దగ్గరికి ఎప్పట్నుంచి రమ్మంటారు?" అని అడిగాడు.

నియామక పత్రం ఆ సాయంత్రమే రాశాను. అర్హతల కింద మ్యాచ్‌లూ, సంవత్సరాలూ వేసిన పిమ్మట, పై అధికారుల ఉత్తర్వు లేకుండానే ఒక పంక్తి చేర్చాను: "నేలపడినవారిని లేపుటలో ప్రథముడు." తనిఖీకి వెళ్ళిన పత్రం ఐదు నిమిషాల్లో తిరిగివచ్చింది. ఎర్రసిరాతో, "సంఖ్య ఏదీ?"

సంఖ్య వేసి పంపించాను.

సంతకం చేయబోతూ కార్యదర్శిగారు కలం ఆపారు. "ఈ ఐదువందల డెబ్బై నాలుగు ఏమిటండీ?"

"అర్హత అండీ," అన్నాను.