తెర మీద ఏ తెలుగు?

2012లో, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో, డిజిటల్ టెలివిజన్ సెట్‌టాప్ బాక్సులకు ప్రమాణాలు రాసే ఉపసంఘంలో నన్ను సభ్యురాలిగా వేశారు. అప్పటికి నేను ప్రమాణాల సంస్థలో డిప్యూటీ డైరెక్టర్‌ని.

ప్రమాణపత్రంలో ఒక్కో క్రియకూ బరువుంటుంది. ‘ఉండాలి’ అని రాస్తే తయారీదారు చేసి తీరాలి. ‘ఉండవచ్చు’ అని రాస్తే ఎవరూ చేయరు. బాక్సు తెర మీద చూపే సూచనలు ప్రాంతీయ భాషలో ‘ఉండాలి’ అన్నది నా ప్రతిపాదన. మన వత్తులు, గుణింతాలు సరిగ్గా రావాలంటే మెమరీ ఎక్కువ పడుతుంది. అందుకని ‘ఉండవచ్చు’ చాలన్నారు తయారీదారుల ప్రతినిధి మెహతా గారు. పైగా ఢిల్లీ సమావేశంలో, మీ దగ్గరే రెండు ప్రాంతాల గొడవ నడుస్తోంది కదా, ఎవరి తెలుగు పెట్టమంటారని నవ్వుతూ అడిగారు. గదంతా నవ్వింది. నాకు మండింది. హైదరాబాద్ వచ్చి చూడమన్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో సుబ్బారావు గారి కేబుల్ కంట్రోల్ రూములో, తెలుగు సూచనలు ఎక్కించిన నమూనా బాక్సుకు మెహతా గారి ఎదుటే పరీక్ష పెట్టుకున్నాం. ఆయనది గుంటూరు వైపు. ఎల్బీనగర్ కనెక్షన్లు చూసే యాదగిరి గారిది నల్గొండ. ఆయన ఉద్యమ ఊరేగింపు నుంచి నేరుగా వచ్చారు, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. వ్యాపారంలో ఇద్దరూ మంచి స్నేహితులు.

మా ఇంజనీరు కేబుల్ పీకాడు. తెర మీద ‘సిగ్నల్ రావడం లేదు’ అని పడింది. గ కింద న వత్తు చక్కగా కూర్చుంది. నేను సంతోషించేలోపే యాదగిరి గారు అందుకున్నారు.

“ఏంది మేడం, గిండ్ల కూడ ఆంధ్రా తెలుగేనా? ‘వస్తలేదు’ అని పెట్టుండ్రి.”

“అదేంటి యాదగిరీ, పుస్తకాల్లో ఎలా ఉంటుందో అలాగే ఉండాలి కదా!” అన్నారు సుబ్బారావు గారు.

“గా పుస్తకాలు ఎవరు రాసిన్రు సార్?”

గొంతులు లేచాయి. మెహతా గారు నా వైపు వంగి, ‘ఉండవచ్చు’ అని రాసేద్దాం, తగువు తీరిపోతుంది అన్నారు హిందీలో. యాదగిరి గారికి హిందీ బాగా వచ్చు.

“మేడం, ఆ సార్‌కు చెప్పుండ్రి. ఏ తెలుగని మేం మేం కొట్లాడుకుంటం. అసలు తెలుగే లేకుంటే ఎట్ల?”

“అదీ మాట!” అన్నారు సుబ్బారావు గారు. “టీవీ ఆగితే మా వాళ్లు తెర మీద ఇంగ్లీషు చదువుతారా? ఫోన్ చేసి నన్ను తిడతారు.”

ఇద్దరూ ఒక్కటయ్యేసరికి మెహతా గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. చాయ్ తెప్పించి, ఆ ఫోన్ చేసేవాళ్లు ఏమంటారని ఇద్దర్నీ అడిగాను.

“సిగ్నల్ లేదు,” అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఒకరి ముఖం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు.

అదే పెట్టాం. మిగతా సూచనలూ ఆ పద్ధతిలోనే సాయంత్రానికి కుదిరాయి. ‘వెనక్కి’ అనాలా ‘ఎనుకకు’ అనాలా అన్నది మాత్రం ఎంతకీ తెగక, బాణం గుర్తు పెట్టి బయటపడ్డాం. తర్వాతి సమావేశంలో మెహతా గారు ‘ఉండాలి’కి ఒప్పుకుని, అమలుకు గడువు మాత్రం అడిగారు. ఇచ్చాం.

ప్రమాణాల పనిలో, ఉండాలా వద్దా అన్నది ముందు తేల్చుకోవాలి, ఎలా ఉండాలన్నది తర్వాత. రెండో తగువును చూపించి మొదటిదాన్ని గెలవాలని చూసేవారు ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. ఆ తర్వాత నేను ఏ సంఘంలో కూర్చున్నా, ఆ ఒక్కరు ఏ కుర్చీలో ఉన్నారో ముందు చూసుకునేదాన్ని.