నేను కొనబోయి, చిన్నమ్మ కొన్న బండి

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే చిన్నమ్మ కూతురు ఫోన్ చేసి, "అన్నా, అమ్మ పోయింది" అంది. నిద్రలోనే ప్రాణం పోయిందట. చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. గుమ్మఘట్ట చుట్టుపక్కల పల్లెలకు మాత్రం గొర్రెల డాక్టరమ్మ. నిజానికి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ధర్మవరంలో బస్సెక్కి కూర్చున్నాక ఆమె కంటే ముందు ఆమె బండి గుర్తొచ్చింది. దాచి లాభం లేదు, ఆ బండి విషయంలో ఆమె మీద నాకు ఇప్పటికీ కుళ్లే.

అది పాతకాలం టూ స్ట్రోక్ బండి. తారు రోడ్డు మీదా పోతుంది, రాళ్ల గుట్టా ఎక్కుతుంది. ఎత్తైన మడ్‌గార్డు, పైకి లేచిన సైలెన్సరు. కాలేజీ రోజుల నుంచీ అలాంటిదాని కోసం వెతికాను. చిన్నమ్మ వాళ్ల పక్క ఊళ్లో, ఒక రిటైరైన మేష్టారి పశువుల కొట్టంలో ఉందని తెలిసి పరుగెత్తాను. ఆయన్ని ఎరిగిన మనిషి కాబట్టి చిన్నమ్మను తోడు పిలిచాను. ఆమె మోపెడ్ మీదే ఇద్దరం పోయాం.

"బండి తీసుకోని ఏం చేస్తావప్పా?" అన్నాడు మేష్టారు.

"రంగు కొట్టిచ్చి కొత్తదాని మాదిరి చేస్తా సార్. ఆదివారాలు బయటికి తీస్తా."

ఈలోగా చిన్నమ్మ చున్నీ నడుముకు కట్టి, చోక్ లాగి, కిక్కు కొట్టింది. కొట్టగా కొట్టగా బండి దగ్గింది. కొట్టమంతా నీలంపొగ కమ్మింది. ఆమె చిన్నపిల్లలా నవ్వింది.

"నీకేమన్నా పనికొస్తాదామ్మా?" అన్నాడాయన.

"నా మోపెడ్ గుట్ట ఎక్కదు సార్. పైన రొప్పాల్లో తోలిన గొర్రెలకు రోగమొస్తే, నేను నడిచి పోయేలోగా సగం సస్తాండాయి."

మేష్టారు ధర చెప్పి, తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఏమప్పా, ఏమంటావు?" అని చిన్నమ్మ నా వైపు చూసింది. ఆయన ముందర ఏమంటాను? "నీ ఇష్టం చిన్నమ్మా" అన్నాను. ఆమె దాన్ని నిజమే అనుకుంది. తిరుగుదారిలో ఆమె బండి మీద ముందు, నేను ఆమె మోపెడ్ మీద వెనక, ఎర్రదుమ్ములో, పొగలో.

తర్వాత ఎప్పుడు పోయినా నా కళ్లు ముందు దాని మీదే పడేవి. మందుల పెట్టెను వెనక సైకిల్ ట్యూబుతో కట్టేది. పెట్రోల్లో ఆయిలు తనే కలిపి, చాలిందో లేదో వాసన చూసి చెప్పేది. రంగు మాత్రం వేయించలేదు. "కనీసం కడుగు చిన్నమ్మా" అంటే, "మూలబెట్టి మెరిపిస్తే ఇనుముకైనా రోగమొస్తాదప్పా" అనేది. "ఒక రౌండు పోయిరా" అని తాళంచెవి చాపేది. నాది కావాల్సిన బండిని అరువుకు ఎక్కాలా? ఒక్కసారీ తీసుకోలేదు. ఒకరోజు జబ్బుచేసిన గొర్రెపిల్లను ట్యాంకు మీద పడుకోబెట్టుకుని ఆమె గుట్ట దిగుతుంటే, ఆ పిల్ల మీద కూడా అసూయపడ్డాను.

ఆమె పోయిన రోజు గొర్రెల కాపర్లు గొంగళ్లు భుజానేసుకుని గుట్ట దిగి వచ్చారు. ఒక ముసలామె బండి సీటు నిమురుతూ, "దీని శబ్దం ఇనపడితే సాలు నాయనా, మంద బతికినట్టే అనుకుంటాంటిమి" అని ఏడ్చింది. నేనొస్తున్నానని అలా చెవులొగ్గి వినేవాళ్లు నాకెవరున్నారు? అంతవరకూ బండి మీదున్న కుళ్లు ఆ నిమిషాన ఆమె బతుకు మీదికి మళ్లింది.

కర్మలయ్యాక చెల్లెలు తాళంచెవి తెచ్చిచ్చింది. "నీకే ఇయ్యమని ఎప్పుడూ అంటాండె అన్నా. ఇంగ ఎవురు తోలతారు?"

ఎక్కి గుట్ట దారి పట్టాను. కడగని, రంగెయ్యని ఆ బండి నేననుకున్న దానికంటే బాగా పోయింది, అదే ఓర్చుకోలేకపోయాను. సగం ఎక్కేసరికి పైనున్న గొర్రెల రొప్పం నుంచి, బండి శబ్దానికి, కుక్కలు తోకలాడించుకుంటూ పరుగెత్తుకొచ్చాయి. దగ్గరికొచ్చి, నన్ను చూసి ఆగాయి. మొరగలేదు. నన్ను దాటిపోయి, పొగ ఇంకా తేలుతున్న దారిలో, వెనక ఎవరో వస్తున్నట్టు కిందికి చూస్తూ నిలబడ్డాయి.