నా పంటికి నాయన క్రేను

నా ముందు పన్నును నా చేత్తో నేనే ఊడగొట్టుకోబోయిన కథ ఇది. చెట్టెక్కి పడలేదు, ఎవరితోనూ కొట్టుకోలేదు. అద్దం ముందు కూర్చుని, రోజూ ఎంతో శ్రద్ధగా చేసిన ఘనకార్యం. చదువుతూ నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోండి. అప్పట్లో నేనూ అదే చేసేదాన్ని.

నా పై వరుసలో కోరపన్ను ఒకటి రాలేదు. పాలపన్ను ఊడిపోయింది, దాని చోట రావలసినది దవడలో అడ్డంగా పడుకుంది. డిగ్రీకి వచ్చినా ఆ ఖాళీ అలాగే ఉంది. ఎవరైనా జోకు వేస్తే ముందు నా చెయ్యి లేచేది, తర్వాత నవ్వు వచ్చేది. అన్నకు పెళ్ళి కుదరగానే నాకు ఒకటే పట్టుదల. పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లోనైనా చెయ్యి అడ్డం లేకుండా నవ్వాలి.

తిరుపతిలో పళ్ళ డాక్టరు చిగురు కోసి, లోపలి పన్నుకు చిన్న గుండీ అంటించి, దానికి సన్నటి గొలుసు తగిలించి బయటికి తీశారు. ఆ గొలుసుకూ, పక్క పళ్ళ మీద బిగించిన తీగకూ మధ్య చిన్న రబ్బరు బ్యాండు వేసుకోవాలి.

"రోజుకు ఒక్కటే వేసుకోమ్మా. మెల్లగా లాగితేనే మంచిది. కదలకపోతే నేను చూసుకుంటాను, నువ్వేం చెయ్యొద్దు," అన్నారు.

బుద్ధిగా తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్ళు జిల్లాలో లేరు.

నెలలు గడిచాయి, పన్ను రాలేదు. ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. పూతలపట్టు కూడలి దగ్గర ఆయనకు ఒక క్రేను ఉంది. రోడ్డు దిగి గుంతలో పడ్డ లారీలను లాగడం ఆయన పని. లోకంలో ఏ కష్టాన్నైనా ఆయన గుంతలో పడ్డ లారీగానే చూస్తాడు. ఒక సాయంత్రం నా నోట్లోకి సెల్‌ఫోను లైటు వేసి చాలాసేపు పరిశీలించాడు.

"గొలుసు బాగానే ఉండాది. లాగేదే సాల్లేదు."

"డాక్టరు ఒకటే ఎయ్యమన్నాడు నాయనా."

"ఆయప్ప సదువుకున్నోడు, బయపడతాడు. మామిడికాయల లారీ ఒక కొక్కేనికి రాకపోతే ఏం జేస్తాం?"

"ఇంకో కొక్కెం ఏస్తాం."

"దానికీ రాకపోతే?"

"ఇంకోటి."

"మరి యాల ఆలోసిస్తా ఉండావు?"

"అది పాప నోరు, బైపాసు రోడ్డు కాదు," అని వంటింట్లోంచి అమ్మ అంది. మేమిద్దరం వినిపించుకోలేదు.

మర్నాటి నుంచి మూడేసి బ్యాండ్లు. తల దిమ్మెక్కిపోయేది. నొప్పి పెడితే పన్ను కదులుతోందని సంబరపడ్డాను. నమలకుండా మింగే సంగటిని కనిపెట్టిన మా సీమ పెద్దలకు మనసులో దండం పెట్టుకుంటూ రోజులు నెట్టాను. ఒకరోజు నాలుక తగిలి ముందు పన్ను ఊగింది. అద్దంలో చూస్తే పై పళ్ళన్నీ సంతలో గొడవ చూడ్డానికి మూగిన జనంలా ఆ ఖాళీవైపు ఒరిగి ఉన్నాయి. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. రాని పన్ను సంగతి దేవుడెరుగు, ఉన్నదీ పోతుందేమోనని వణికిపోయాను.

మర్నాడే నాయనతో తిరుపతి బస్సెక్కాను. డాక్టరు ఎక్స్‌రే చూశారు.

"ఎన్ని బ్యాండ్లు వేశావమ్మా?"

నేను నాయనను చూశాను. నాయన ఫ్యానును చూశాడు.

"మూడు," అన్నాను.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటేనే బాగుండేది. "లోపలి పన్ను ఎముకకు అతుక్కుపోయింది. కొందరికి అలా అవుతుంది, అది నీ తప్పు కాదు. ఎంత లాగినా అది రాదు. నువ్వు గట్టిగా లాగేసరికి, వేటికి కట్టావో ఆ పళ్ళే దానివైపు వెళ్ళాయి. ఈ ముందు పంటి వేరు కూడా కొసన కాస్త అరిగింది. లాగడం ఆపేసి, ఊగే పన్నును పక్కవాటికి కట్టి చూద్దాం. నిలుస్తుందని మాత్రం మాట ఇవ్వలేను."

నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"నాకు తెలిసుండల్ల సార్. లారీ ఆడే ఉన్నింది. నా క్రేనే గుంతలోకి పొయ్యింది."

"ఏ క్రేను నాయనా?" అన్నాను.

"మనదే పాపా. పోయిన వానాకాలం."

"గేరుబాక్సు రిపేరని సెప్తివే."

"ఇంట్లో యాడ సెప్పేది?"

"మరి నిన్ను ఎవురు లాగినారు?"

నాయన తల వంచుకున్నాడు. "సెరుకు ట్రాక్టరు. ఎనకాల నుంచి ఆ లారీ డ్రైవరే నెట్టినాడు."

నాకు నవ్వు ఆగలేదు. కళ్ళలో నీళ్ళతోనే పగలబడి నవ్వాను. "మెల్లగా నవ్వమ్మా, పన్ను ఊగుతోంది," అని డాక్టరు అన్నప్పుడు చూసుకుంటే, నా చేతులు రెండూ కుర్చీ మీదే ఉన్నాయి. నా పళ్ళు ఎన్నడూ లేనంత అధ్వాన్నంగా ఉన్న రోజున, పరాయి మనిషి ముందు, నోరంతా తెరిచి నవ్వేశాను. అంతకాలం దాచుకున్నది పన్ను లేని ఖాళీని కాదు, నన్నేనని అప్పుడు అనిపించింది.

ముందు పన్ను నిలిచింది. అతుక్కుపోయినది ఇప్పటికీ లోపలే హాయిగా పడుకుని ఉంది. అన్న పెళ్ళి ఫోటోలో నేను తీగతో, ఖాళీతో సహా నవ్వుతున్నాను. నోరు గట్టిగా మూసుకుని నిలబడ్డది నా పక్కనున్న నాయన. క్రేను సంగతి అప్పటికే పెళ్ళివారందరికీ చెప్పేశాను మరి.

కనుక నాయన క్రేను కొక్కెం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికుండగా ఇంకెప్పుడూ రబ్బరు బ్యాండు ముట్టను. ఇప్పుడు నాకూ పెళ్ళయింది, కొత్తిమీర కట్టకున్నదైనా సరే, మా ఆయనే వచ్చి తీయాలి.