తర్జుమా ఆగిన చోట

ఫిలిప్ తర్జుమాకు నిలబడితే గుక్క తిప్పుకోడని ఖానాపూర్ చుట్టుపక్కల మెథడిస్టు సంఘాల్లో పేరు. ఉజ్జీవ కూడికలకు మధురై నుంచో కోయంబత్తూరు నుంచో వచ్చిన ప్రసంగీకుడు ఇంగ్లీషులో ఒక వాక్యం అంటాడు, ఫిలిప్ వెంటనే తెలుగులో అందుకుంటాడు. అర్థం కానిది వస్తే బైబిలు వచనం ఒకటి అతికించి దాటేస్తాడు. మైకు ముందు మౌనం పరువు తక్కువ.

ఈసారి మొదటి రోజే ఆయన గొంతు పట్టేసింది. కూతురు మహిమ నిలబడాల్సి వచ్చింది.

"బాపు పేరు ఖరాబ్ చెయ్యకు బిడ్డా. ఆగినవంటే నవ్వుతరు," అన్నది ముందు వరుసలోని కిష్టవ్వ.

మహిమదీ తర్జుమా లోకమే. తూకాల గురించి ఆర్కిమెడీస్ గ్రీకులో రాసినదాన్ని, పదిహేడు వందల ఏళ్ల తర్వాత ఇటలీలో లాటిన్‌లోకి ఎట్లా తెచ్చారన్నది హైదరాబాదులో ఆమె పరిశోధన. ఆ నెలలోనే ఒక రాతప్రతి ఫొటోలు చూసింది. నిండా రాసిన పేజీ నడుమ నాలుగు వేళ్ల ఖాళీ. అక్కడ అనువాదకుడికి గ్రీకు అర్థం కాలేదు. ఊహించి నింపినా పట్టుకునేవాళ్లు అరుదు. అయినా నింపలేదు. తెలిసినవాడు ఎన్నడైనా రాకపోడని, ఇంకా పుట్టని మనిషికి చోటు వదిలాడు. ప్రార్థన జరుగుతున్న గదిలో ఉన్నట్టు, ఆ ఫొటో ముందు మహిమ కుర్చీ చప్పుడు కాకుండా జరుపుకుంది.

ప్రసంగం సగంలో కృప గురించి పొడవాటి మాట ఒకటి వచ్చింది. మహిమకు తలాతోకా దొరకలేదు. చిన్ననాటి నుంచి కంఠతా ఉన్న వచనాలు నోటిదాకా వచ్చాయి. ఆమె ఆగింది. షామియానా కింద దగ్గులు కూడా ఆగాయి.

"అయ్యగారి మాట నాకు సమజ్ కాలే. మళ్లడుగుత, జర ఆగుర్రి."

"మాకెన్నడు సమజైంది తియ్యి!" అన్నది కిష్టవ్వ. అందరూ గొల్లుమన్నారు. స్టేజీ పక్కన కూర్చున్న ఫిలిప్ తల వంచుకున్నాడు.

ప్రసంగీకుడు మళ్లీ మొదలుపెట్టి, తనే చిక్కుకుని, చివరికి చిన్నగా చెప్పాడు. మహిమ తెలుగు చేసింది: "నువ్వు సంపాయించుకున్నది కాదు. ఊకెనే దొరికింది." ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇంటికొచ్చాక ఫిలిప్ బొంగురుగా అన్నాడు: "ఇన్నేండ్లల్ల నేను ఒక్కసారి ఆగలే."

మహిమ ల్యాప్‌టాప్‌లో ఆ పేజీ చూపించి, ఖాళీ సంగతి చెప్పింది. ఆయన ఆ ఖాళీ మీద వేలు ఆనించాడు.

"నవ్వలేదా వాన్ని?"

"నవ్విండ్రేమో బాపు."

మర్నాటికి గొంతు తేరుకుంది. ఫిలిప్ స్టేజీ ఎక్కాడు. కాసేపటికే నిలిచిపోయి, మైకు పక్కకు జరపకుండానే అన్నాడు: "గీ మాట నాకు అందలే. అయ్యగారిని అడుగుత."

కిష్టవ్వ నవ్వబోయి, ముందుకు వంగి చెవి ఒగ్గింది. వెనక వరుసలో మహిమ, తనకు తెలియకుండానే లేచి నిలబడింది.