చివర మిగిలిన రెండు నిమిషాలు

ఒక పాట మళ్ళీ వినాలంటే చీటీ రాసిచ్చి వారం ఆగిన రోజులవి, పిల్లలూ. మీకు వేలితో తాకితే పాటొస్తుంది కాబట్టి నవ్వొస్తుంది గానీ, ఆ వారమంతా పాట నోట్లోనే ఊరుతుండేది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇందుకూరుపేట బస్టాండు పక్కన క్యాసెట్ల అంగట్లో, జనం రాసిచ్చిన పాటలను ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించడం నా పని. అంగడాయన (‘అన్నా’ అనేదాన్ని, కాస్త వణుకుతూ) చెప్పింది ఒకటే: టేపు చివర ఖాళీ ఉండకూడదు, ఉంటే కొన్నవాళ్ళు మోసపోయామనుకుంటారు.

ఒకరోజు మైపాడు దగ్గర రొయ్యల గుంటలున్న ఒకాయన క్యాసెట్టులో చివర రెండు నిమిషాలు మిగిలింది. అంత చిన్న పాట అంగడంతా వెతికినా దొరకలేదు. చర్చిలో అందరూ మెచ్చుకునే గొంతే కదా అని, మైకు తగిలించి, మా అమ్మ నాట్లేసేటప్పుడు పాడే పాట నేనే పాడేశాను. (తిరిగి వినను కూడా వినలేదు. నా మీద నాకంత నమ్మకం.)

తీసుకెళ్ళిన నాలుగో రోజు గుంటలాయన క్యాసెట్టు పట్టుకుని వచ్చి, ఆ చివరి పాట ఏ సినిమాలోదని అడిగాడు. అన్న టేపు పెట్టాడు. ఏదో కిందపడినట్టు నేను బల్ల కిందికి వంగాను. ఈ పని పోతే మా చెల్లెలి చదువు అక్కడితో సరి. పాట సగానికి వచ్చేసరికి, టేపులో నా గొంతు వెనకనుంచి అన్న గొంతు ఖంగుమంది: “అమ్మాయ్, టీ చెప్పినావా?”

అన్న బల్ల కిందికి తొంగి చూశాడు. “ఏందిమే ఇది?”

“ఖాళీ ఉండకూడదన్నావు గదన్నా,” అన్నాను, అక్కడినుంచే.

గుంటలాయన తల గోక్కున్నాడు. “మా ఆడోళ్ళు మేత చల్లతా దీన్నే తిప్పి తిప్పి యింటా ఉండారన్నా. ఒక క్యాసెట్టు నిండా ఈ పిల్ల పాటలే ఎక్కించు. టీ మాత్రం వద్దు.”

ఆ తర్వాత మైకు ఉన్నా లేకపోయినా అన్న టీని సైగతోనే అడిగేవాడు.

కొన్నేళ్ళకు సీడీలొచ్చాయి, ఆ వెనకే ఫోన్లొచ్చాయి. చీటీలు తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు. క్యాసెట్ల అరల్లో అన్న ఫోను కవర్లు వేలాడదీశాడు, చివరికి అదీ మూసేశాడు. పని పోతుందని బల్ల కింద దాక్కున్నాను గానీ, పోయింది అంగడే.

ఫోన్లో మాటలు పంపినప్పుడు చివర్న పాటెందుకు అమ్మమ్మా అని అడిగారుగా, అందుకే. ఖాళీ వదలడం నాకు చేతకాదు. ఆ పాట వెనక టీ అడిగేది మీ తాత. ముప్ఫై ఏళ్ళయినా ఆయనకు మాత్రం సైగలు నేర్పలేకపోయాను.