అశోక్‌నగర్ అమ్మాయిల తెల్లకాగితాలు

జనగామలో నా దగ్గర సాంఘికశాస్త్రం చదువుకున్న స్వరూప ఇప్పుడు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు కొలువుల పరీక్షలకు చదువుతోంది. ఏదో దూరదేశంలో విద్యార్థులు ఏమీ రాయని తెల్లకాగితాలు పట్టుకుని నిలబడ్డ వీడియో ఒకటి పంపి, "రేపు మేము గూడ గిట్లనే వార్డు ఆఫీసుకు పోతున్నం మేడం, మీరొస్తరా?" అని అడిగింది. మోకాళ్ల నొప్పులున్నా కాదనలేకపోయాను.

పొద్దున ఆరున్నర రైలుకు బయల్దేరి ఎనిమిదిన్నరకు సికింద్రాబాద్‌లో దిగాను. అక్కడి నుంచి మెట్రోలో చిక్కడపల్లి పావుగంట ప్రయాణం. స్టేషన్ బయట ఎక్కిన ఆటో హాస్టల్ సందు మొదట్లోనే ఆగింది. "లోపలికి రాదమ్మా, మోరీ పొంగింది. నెల కావొస్తుంది" అన్నాడు డ్రైవర్. మురికినీళ్లలో పేర్చిన ఇటుకల మీదుగా, ఎదురొచ్చిన స్వరూప నన్ను చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆమె గదిలో ఉండే అమ్మాయి వాంతులు, విరేచనాలతో మొన్నటి పరీక్షే రాయలేకపోయిందట.

పదకొండు మందిమి నారాయణగూడ వైపున్న వార్డు ఆఫీసుకు నడిచాం. పదిన్నరకు వెళ్తే అధికారి పన్నెండింటికి వచ్చారు. అప్పటిదాకా అమ్మాయిలు తెల్లకాగితాలు పట్టుకుని నిలబడే నోట్సు చదువుకున్నారు.

"ఏందమ్మా, దీని మీద ఏం రాయలే?" అన్నారాయన.

"మూడుసార్లు రాసిచ్చినం సార్. అడిగితే మీ గుమాస్తా అందలేదంటున్నడు. ఇగ మీరే రాయుండ్రి" అంది స్వరూప. కాగితం కిందికి దించలేదు.

ఆయన కుర్చీలో కూర్చుని, సందు పేరు అడిగి తానే రాసుకున్నారు. మూడింటికి సందులోకి మోరీ తీసే బండి వచ్చింది. నీళ్లు తగ్గాయి. "పైపే చిన్నది అక్కా, మల్ల పొంగుతది" అన్నాడు బండితో వచ్చిన మనిషి.

"అయితే మల్ల పోతం" అని స్వరూప హాస్టల్ మెట్లు కడగడానికి బకెట్ తెచ్చుకుంది.

తిరుగు రైల్లో నాకు సంతోషం కంటే అలసటే ఎక్కువైంది. ఎలా నిలబడాలో ఈ పిల్లలు ముఖమైనా ఎరగని పరదేశపు పిల్లలను చూసి నేర్చుకున్నారు. ముప్పై ఏళ్లు పౌరుల హక్కులు బోధించిన నేను, ఇచ్చిన అర్జీకి రుజువు ఉంచుకోవాలని ఒక్కనాడూ చెప్పలేదు.

మీరూ ఏ ఆఫీసుకైనా అర్జీతో వెళ్తే రెండు ప్రతులు పట్టుకెళ్లండి. రెండోదాని మీద తేదీ, ముద్ర వేయించుకున్నాకే బయటికి రండి.